ముప్పై ఎనిమిది మంది పిల్లలు, ఒక ఎక్సెల్ షీటు

ఆగస్టు మొదటి వారం

పని మొదలైంది కాబట్టి రాసి పెట్టుకుంటున్నా, లేకపోతే దసరా నాటికి ఏ కాలమ్ ఎందుకు పెట్టానో నాకే గుర్తుండదు. మా అక్క ఎస్‌జీటీ, అంటే ప్రాథమిక బడి టీచర్. ఇల్లు వనస్థలిపురంలో, బడి మాత్రం సాగర్ రోడ్డులో ఇబ్రహీంపట్నం దాటి, మెయిన్ రోడ్డు దిగి, ఇంకా లోపలికి. ఎంపీపీఎస్, అంటే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల, ఒకటి నుంచి ఐదో తరగతి దాకా. ఊరి పేరు రాయను. ఇక్కడ ఆ బడి గురించి రాసే అంకెలు కూడా ఊరినీ పిల్లల్నీ ఎవరూ గుర్తు పట్టకుండా కొంచెం అటూ ఇటూ మార్చినవే, లెక్క నడిచిన తీరు మాత్రం అదే.

అక్క బాధ ఏంటంటే, జులైలో పిల్లలందరినీ చదివించి చూశారు, పేరా చదవగలిగిన వాళ్లు పోయినేడాది సగం మంది ఉంటే ఈసారి 44 శాతమే వచ్చారు. మీటింగ్‌లో ప్రొజెక్టర్ మీద బడి పేరు పక్కన ఎర్ర గడి పడింది. అందరి ముందూ. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే మొదలుపెట్టింది: "మేం సరిగ్గ చెప్పక తగ్గిందా, లేకపోతే పిల్లలే మారిన్రా? నాకైతే రెండోదే అనిపిస్తుంది. కానీ నాకు అనిపిస్తే ఏం లాభంరా, కాగితం మీద చూపెట్టాలె."

నేను ఆఫీసులో రోజంతా సేల్స్ డేటాతో కుస్తీ పట్టేవాణ్ని. 38 వరుసలున్న షీటంటే టీ తాగేలోపు అయిపోతుందనుకునే వాళ్లుంటారు. కానీ 38 లక్షల వరుసలకు పనికొచ్చే పద్ధతులు 38కి పనికిరావు, అసలు తలనొప్పంతా అక్కడే.

ముందు బడి లోపలి లెక్క ఒకటి రాసి పెట్టాలి, బయటివాళ్లకు ఇది తెలియదు. టీచర్లు ఇద్దరు. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రాథమిక పాఠశాలలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు చాలు. 38ని 2తో భాగిస్తే 19, ఈ నిష్పత్తి సిటీలో లక్షల ఫీజు కట్టే స్కూల్లో కూడా దొరకదు. కానీ తరగతులు ఐదు. ఒకటి, రెండు తరగతులకు తెలుగు, ఇంగ్లిష్, గణితం. మూడు నుంచి ఐదు దాకా వాటికి తోడు పరిసరాల విజ్ఞానం. కలిపితే 18 సబ్జెక్టులు, ఇద్దరు మనుషులు. ఒకరు మీటింగ్‌కో ట్రైనింగ్‌కో వెళ్తే ఆ రోజు 18 కూడా ఒక్కరి నెత్తిన. ఈ 19 అనే అంకెను నేను షీటులో పెట్టనే లేదు, అది చూసినవాళ్లెవరైనా "ఇంత తక్కువ మంది పిల్లలే కదా" అంటారు.

పంద్రాగస్టు అయ్యాక

అడ్మిషన్ రిజిస్టర్ ఫొటోలు వచ్చాయి. అక్క ఫోన్‌లో తీసింది, సగం ఫొటోల్లో ఆమె బొటనవేలు కూడా ఉంది. వరుస నంబరు, చేరిన తేదీ, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, కులం, మాతృభాష, పుట్టుమచ్చలు, వదిలి వెళ్లిన తేదీ, టీసీ నంబరు. ప్రాజెక్టు మొత్తానికి బంగారం లాంటి కాలమ్స్ మాత్రం రెండే: చేరిన తేదీ, వదిలిన తేదీ. అవి అప్పుడే తెలియలేదు, తర్వాత రాస్తా.

వయసును బట్టి ఏమైనా తేడా ఉందా చూద్దామని పుట్టిన తేదీలు ఎక్కించా. గ్రాఫ్ గీస్తే నవ్వొచ్చింది. ఊళ్లో పిల్లల్లో సగానికి సగం మంది జూన్‌లోనే పుట్టారు, అందులోనూ నెల మొదట్లో. ఇది మన దగ్గర పాత ఆచారం, బడి తెరిచేనాటికి ఐదేళ్లు నిండినట్టు ఉండాలి కాబట్టి టీచరే ఒక తేదీ వేసేస్తారు. నాకూ సర్టిఫికెట్‌లో జూన్ 5, ఇంట్లో అమ్మ మాత్రం కార్తీక మాసం అంటుంది. ఈమధ్య పుట్టిన పిల్లలకు ఆసుపత్రి బర్త్ సర్టిఫికెట్లు ఉన్నాయి కాబట్టి తగ్గుతోంది గానీ, బయటి నుంచి వచ్చిన కూలీల పిల్లలకు ఇప్పటికీ అంతే. వయసు కాలమ్‌ను విశ్లేషణలోంచి తీసేశా. లేని ఖచ్చితత్వాన్ని దశాంశ స్థానాల దాకా లెక్కవేయడంలో అర్థం లేదు.

ఇంకో చిక్కు. పాత జాబితాలు పెన్‌డ్రైవ్‌లో దొరికాయని అక్క సంబరపడింది, తెరిచి చూస్తే అన్నీ యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో టైప్ చేసినవి. నా ల్యాప్‌టాప్‌లో పేర్లన్నీ చుక్కలు, గీతలు, కొమ్ములు. యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్‌తో చాలావరకు దారికొచ్చాయి గానీ వత్తులున్న పేర్లు మాత్రం ఎక్కడికక్కడ విరిగాయి, కృష్ణవేణి, లక్ష్మి, ప్రజ్ఞ అన్నీ చేత్తో సరిచేయాల్సి వచ్చింది. పేర్లను బట్టి ఎక్సెల్ వీలుకప్ ఫార్ములాతో జాబితాలు జత చేద్దామన్న ఆశ వదిలేసి, జత చేయడానికి అడ్మిషన్ నంబరునే గుర్తుగా పెట్టుకున్నా. దేశంలోని బడుల లెక్కలన్నీ ఎక్కించే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ప్రతి విద్యార్థికీ పెన్ అనే శాశ్వత నంబరు ఉంటుంది, 2022-23 నుంచి లెక్కను బడి మొత్తంగా కాకుండా పిల్లవాడి వారీగా తీసుకుంటున్నారు, అది వాడొచ్చు కదా అని అక్క అంది. వాడొచ్చు. కానీ ఆ నంబరుతో బయట పిల్లల్ని వెతకొచ్చు, బడి రిజిస్టర్ నంబరు బీరువాలోనే ఉంటుంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం దృష్టిలో 18 నిండనివాళ్లంతా పిల్లలే, తల్లిదండ్రుల సమ్మతి లేనిదే వాళ్ల వివరాలు ముట్టుకోకూడదన్నది దాని మూలసూత్రం. నేను చుట్టాన్నే తప్ప బడి మనిషిని కాను. అందుకే ఫొటోలన్నీ డిలీట్ చేసి, పేర్ల కాలమ్ అక్క ల్యాప్‌టాప్‌లోనే ఉంచి, నా కాపీలో ఉత్త నంబర్లే ఉంచుకున్నాం.

సెప్టెంబర్

మాతృభాష కాలమ్ దగ్గర బండి ఆగింది.

రిజిస్టర్‌లో పైనుంచి కింది దాకా "తెలుగు", "తెలుగు", "తెలుగు". కింద అదే అన్నట్టు రెండు చుక్కలు. నిజానికి ఆ ఊరికి ఆనుకుని ఒక తండా ఉంది, ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది లంబాడీ భాష, అమ్మను యాడి అంటారు. కోళ్ల ఫారాల్లో పనిచేసే కుటుంబాలు ఒడిశా, బిహార్‌ల నుంచి వచ్చినవి. ఫామ్‌హౌస్ వాచ్‌మన్ల పిల్లల్లో కొందరు పాలమూరు వైపు వాళ్లు, వాళ్లది తెలుగే. ఎవరు ఏ భాష ఇంట్లో మాట్లాడతారో రాయమంటే అక్క పది నిమిషాల్లో నోటికి చెప్పేసింది, ఒక్క పేరు దగ్గరా తడుముకోలేదు. ఆమెకు తెలిసింది రిజిస్టర్‌కు తెలియదు, రిజిస్టర్‌కు తెలియంది పైవాళ్ల డాష్‌బోర్డుకు అసలే తెలియదు.

కొత్త కాలమ్: ఇంటి భాష.

ఇది పెట్టాక బడి ముఖమే మారిపోయింది. అప్పటిదాకా నా బుర్రలో ఉన్నది "తెలుగు పల్లె బడి". ఇప్పుడు చూస్తే మూడింట ఒక వంతు పిల్లలకు బడి భాష ఇంటి భాష కాదు. పైగా 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం, పుస్తకం ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఒడియా ఇంటి నుంచి వచ్చిన రెండో తరగతి పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే. ఆ పిల్ల గురించి అక్క చెప్పింది రాస్తా: చింతగింజలు పోసి లెక్కపెట్టమంటే నోరు మెదపలేదట. తెలియదేమో అనుకుని ఫారంలో "అంకెలు గుర్తించలేదు" అని రాయబోతుంటే, పక్కకు తిరిగి చెల్లెలి చేతిలో గింజలు పెడుతూ "దుయి, తిని, చారి" అంటోందట, ఇరవై దాకా తప్పు పోలేదు. లెక్క వచ్చు, ఏ భాషలో చెప్పాలన్నదే తెలియదు. అక్క ఆ గడిలో వచ్చు అని రాసి పక్కన చిన్నగా "ఒడియాలో" అని రాసింది. పోర్టల్‌లో ఆ పక్కమాట ఎక్కించే చోటు లేదు.

సామాజిక వర్గాల కాలమ్స్ గురించి పెద్దగా రాయను. ఎస్సీ, ఎస్టీ, బీసీలో ఏ నుంచి ఈ దాకా ఐదు, ఓసీ, వాటిని ఆడ, మగ, ఐదు తరగతులతో గుణిస్తే 80 గడులు. పిల్లలు 38. చాలా గడుల్లో సున్నా, మిగతావాటిలో ఒకటి. "నాలుగో తరగతి ఎస్టీ బాలికల సగటు" అని షీటు అందంగా చూపించింది, ఆ సగటు ఒక్క అమ్మాయి మార్కులు. అక్కకు చూపిస్తే, "పేరు తీసేస్తే సరిపోతదా? నాలుగో తరగతిలో ఎస్టీ ఆడపిల్ల అంటే ఊరంతటికీ తెలుసు ఎవరో" అంది. కాబట్టి నియమం పెట్టాం: పది మంది కంటే తక్కువున్న ఏ గుంపుకూ శాతం వేయం, సగటు వేయం, బయటికి ఇచ్చే కాగితంలో ఆ వరుసే ఉండదు. అమెరికాలో బడుల నివేదికల్లో చిన్న గుంపుల అంకెల్ని దాచేస్తారు, కారణం ఇదే. ఇక్కడ ఎవరూ అడగలేదు కాబట్టి మనమే పెట్టుకోవాలి.

సెప్టెంబర్ చివరి వారం

చదవడం ఎలా కొలిచారన్నది. మార్కుల రిజిస్టర్ పక్కన పెట్టాం, అందులో అందరూ బాగానే ఉన్నారు, అది వేరే కథ. 2022 ఆగస్టులో ప్రభుత్వ బడుల్లో చదవడం, రాయడం, లెక్కలు నేర్పే తొలిమెట్టు కార్యక్రమం మొదలైనప్పటి నుంచి పిల్లలు అక్షరాలు, పదాలు, వాక్యాలు, పేరా ఎక్కడిదాకా చదువుతారో చూడటం అలవాటైంది. దాదాపు అసర్ సర్వే పద్ధతే. ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో ఇంటింటికీ వెళ్లి చేసే సర్వే అది: అక్షరం, పదం, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ. లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకుని చేసే రెండంకెల తీసివేత, మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించడం. 2024 అసర్‌లో దేశవ్యాప్తంగా ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి కథ చదవగలిగింది 23.4 శాతం, 2022లో 16.3. అక్కను ఎర్ర గడిలో కూర్చోబెట్టిన మనుషులు ఈ రెండు అంకెలు ఒకసారి చూస్తే బాగుండు, పేరా ఒకటి, కథ ఒకటి కాబట్టి నేరుగా పోల్చలేం గానీ, ఇది ఒక ఊరి జబ్బు కాదని తెలుస్తుంది.

ఒక శనివారం నేను కూడా వెళ్లా. వరండాలో ఒక మూల కుర్చీ, ఒక్కొక్కరినే పిలిచి చదివించడం. మూడో తరగతి కుర్రాడొకడు పాఠ్యపుస్తకం ఇస్తే ఆగకుండా అప్పజెప్పాడు, చూపు కిటికీ మీద ఉంది, పేజీ మీద లేదు. కొత్త పేరా కాగితం చేతిలో పెట్టగానే స్పీడు పడిపోయింది. గుణింతాల దాకా బాగానే లాగాడు, "కోడి", "నీరు", "మేడ". "పుస్తకం" దగ్గర ఆగి, వేలు పెట్టి, "పు... స... త... కం" అన్నాడు. "అమ్మ" గబుక్కున చదివాడు, ఎందుకంటే అది బొమ్మలాగా గుర్తుంది, "చెట్టు" కూడా. "కర్ర" వచ్చేసరికి "కర" అని ఊరుకున్నాడు, కింద ఉన్న వత్తు కంటికి ఆనలేదు. అక్క అక్కడే చెప్పింది, వాడికి రాని సంగతి చదవడం కాదు, వత్తులు. ఒక నెల వాటి మీద కూర్చుంటే పేరా గట్టెక్కుతాడు. షీటులో మాత్రం వాడు, అక్షరాలే రాని పిల్లాడు, ఇద్దరూ "పేరా చదవలేరు" అనే ఒకే డబ్బాలో ఉన్నారు.

అందుకే "చదివారు, చదవలేదు" కాలమ్ తీసేసి, ఎక్కడ ఆగారో రాసే కాలమ్ పెట్టా: అక్షరాలు, గుణింతాలు, వత్తులు, పేరా, కథ. శాతం కంటే ఇది పదింతలు పనికొచ్చింది. వత్తుల దగ్గర ఆగినవాళ్లు ఏడుగురు, వేర్వేరు తరగతుల వాళ్లు, వాళ్లను మధ్యాహ్నం భోజనం అయ్యాక ఒక గుంపుగా కూర్చోబెట్టడం మొదలైంది.

దసరా సెలవులు

అక్క ఇంట్లోనే ఉంది, బతుకమ్మ హడావుడి మధ్య అసలు లెక్క కూర్చుంది. చేరిన తేదీ, వదిలిన తేదీ అనే ఆ రెండు కాలమ్స్ ఇక్కడ పనికొచ్చాయి.

పోయిన జులైలో బడిలో 40 మంది. అందులో ఐదో తరగతి 9 మంది హైస్కూలుకు వెళ్లిపోయారు. మిగతా తరగతుల్లో 7 మంది టీసీ తీసుకుని కొందరు, తీసుకోకుండా కొందరు వెళ్లారు. మిగిలింది 24. ఈ ఏడాది కొత్తగా ఒకటో తరగతిలో 6, పైతరగతుల్లో 8. కలిపితే 38. అంటే జులై నుంచి జులైకి దాదాపు అదే సంఖ్య, కానీ ప్రతి పది మందిలో నలుగురు వేరే మనుషులు.

ఇప్పుడు చదివినవాళ్లు, ఒకటో తరగతిని వదిలేసి. పోయినసారి రెండు నుంచి ఐదు దాకా 30 మందిలో 15 మంది పేరా చదివారు. ఆ 15 మందిలో 7గురు ఐదో తరగతి వాళ్లు, హైస్కూలుకు వెళ్లిపోయారు. ఇద్దరు ప్రైవేటుకు మారారు. బడిలోనే ఉన్నవాళ్లు 6. ఈసారి 32 మందిలో 14 మంది చదివారు, అదే ఎర్ర గడిలోని 44 శాతం. విడదీస్తే పాత పిల్లలు 24 మందిలో 13, కొత్తగా పైతరగతుల్లో చేరిన 8 మందిలో 1. అంటే బడిలో ఏడాదిగా ఉన్న పిల్లల్లో చదివేవాళ్లు 6 నుంచి 13కు పెరిగారు, బడి శాతం మాత్రం 50 నుంచి 44కు పడింది. రెండూ నిజమే.

అక్క ముఖం చూడాలి. వెంటనే హెడ్మాస్టర్‌కు ఫోన్ చేయబోయింది, నేను ఆపా. ఎందుకంటే పాత పిల్లలు ఒక ఏడాది పెద్దవాళ్లయ్యారు, పోయినేడు ఒకటో తరగతిలో ఉండి లెక్కలోకే రాని వాళ్లు ఇప్పుడు రెండో తరగతి, ఏమీ చెప్పకపోయినా కొంత పెరుగుదల వస్తుంది. ఇదంతా టీచర్ల గొప్ప అని రాస్తే, అవతలివాడు ఎవడైనా కాస్త లెక్క తెలిసినవాడైతే ఒక్క ప్రశ్నతో పడగొడతాడు. సరిగా పోల్చాలంటే పోయినేటి మూడో తరగతిని ఈ ఏటి మూడో తరగతితో పెట్టాలి, ఒక్కో తరగతిలో ఏడెనిమిది మంది, అందులో ఒక్కరు అటు నుంచి ఇటు దూకితే 12, 14 శాతం ఊగుతుంది. కాబట్టి మనం చెప్పగలిగింది ఇంతే: తగ్గుదల చదువు దిగజారడం వల్ల కాదు, చదివేవాళ్లు వెళ్లి చదవలేనివాళ్లు రావడం వల్ల. బోధన మెరుగైందా అన్నది ఈ అంకెలు చెప్పవు.

ఇంకో మాట, ఆ 6 శాతం తేడా అసలు తేడాయేనా? 1730లో అబ్రహాం డి మోయివ్ర్ చెప్పిన సూత్రం, గుంపు పెద్దదయ్యే కొద్దీ సగటులోని ఊగిసలాట గుంపు పరిమాణపు వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. సగం సగం అవకాశమున్న 30 మందికి వేస్తే మామూలు ఊగుడే 9 శాతం పైన. మనది 6. రెండు ఇన్నింగ్స్‌లు ఆడిన కుర్రాడి సగటు చూసి జట్టులోంచి తీసేసినట్టుంది ఆ ఎర్ర గడి. కేన్, స్టెయిగర్ అని ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో అమెరికాలోని నార్త్ కరోలినా బడుల మార్కుల మీద ఇదే చూపించారు: చిన్న బడులు ఒక ఏడాది జాబితాలో పైన, ఇంకో ఏడాది అడుగున తేలుతుంటాయి, వాటి చదువు అంతగా మారిందని కాదు, తలలు తక్కువ కాబట్టి. ఎర్ర గడులే కాదు, ఆ పక్కన వెలిగిన పచ్చ గడుల్లో కూడా చిన్న బడులే ఎక్కువ ఉండి ఉంటాయి. వాళ్లకు శాలువా కప్పారట. వచ్చే ఏడాది వాళ్ల వంతు.

నవంబర్

హాజరు. సగటు 85 శాతం దగ్గర, అందరూ చెప్పేది అదే. ఆ సగటు తీసేసి ఒక్కో పిల్లవాడికి ఒక వరుస, ఒక్కో రోజుకు ఒక గడి, రాకపోతే నారింజ రంగు, అంతే, ఫార్ములా కూడా లేదు. దూరం నుంచి చూస్తే రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, అంగడి రోజు నిలువునా ఒక చార. రెండోది అసలైంది: రోజూ ఐదారుగురు రారు అంటే వేర్వేరు ఐదారుగురు అనుకుంటాం, కాదు, అదే నలుగురైదుగురు, వారాల తరబడి. పత్తి ఏరే కాలం మొదలవగానే వాళ్ల వరుసలు మొత్తం నారింజ. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా పెద్దవాళ్లు చేనుకు వెళ్తే ఇంట్లో చంటిపిల్లను ఎవరు చూడాలి? నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు. ఒకరిద్దరిని చంటిపిల్లతో సహా బడికి రమ్మంది అక్క. వస్తున్నారు. అంగన్‌వాడీ అదే ఆవరణలో ఉంది కాబట్టి నడుస్తోంది.

ఇటుక బట్టీలు కూడా అంటుకున్నాయి. ఒడిశాలో బలంగీర్, నువాపాడా జిల్లాల నుంచి కుటుంబాలు దీపావళి అటూ ఇటూగా దిగుతాయి, ఎండలు ముదిరాక వానలకు ముందు వెళ్లిపోతాయి. యూడైస్ చాలా ఏళ్లుగా పిల్లల లెక్కకు ప్రామాణికంగా పెట్టుకున్న తేదీ సెప్టెంబర్ 30. ఆనాటికి వీళ్లు ఇక్కడ లేరు. వాళ్ల ఊళ్లో పేరు ఉంటుంది, మనిషి ఉండడు. ఇక్కడ మనిషి ఉంటాడు, పేరు ఉండదు. అన్నం మాత్రం వండాలి. అక్క వాళ్ల కోసం వేరే నోటుబుక్కు పెట్టింది, నా షీటులో "అతిథులు" అని ఒక ట్యాబ్ తెరిచా, ఆ పేరు అక్కకు నచ్చలేదు, "మన పిల్లలే" అని మార్చింది.

ఊరి సొంత పిల్లలేరి అన్నది ఇంకో ప్రశ్న. పొద్దున బడి గేటు తెరవకముందే పసుపు వ్యాన్లు ఊళ్లోంచి వెళ్లిపోతాయి. జూన్ బడిబాటలో టీచర్లు ఇంటింటికీ తిరిగితే చాలా ఇళ్లలో "బాబుకు ఫీజు కట్టేసినం మేడం, పాప వస్తది" అన్నారట. షీటులో కూడా అదే, ఆడపిల్లలు 23, మగపిల్లలు 15. ఒక ఇంటి అన్నా చెల్లెళ్లలో అన్న వ్యాన్‌లో, చెల్లి మా షీటులో. పుట్టేవాళ్లే తగ్గారన్నదీ నిజం, 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ సంతాన రేటు 1.8, జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇక భూములు ప్లాట్లయ్యాయి, ఎటు చూసినా ఫ్యూచర్ సిటీ పేరుతో వెంచర్ల బోర్డులు, పొలం అమ్మిన కుటుంబం పిల్లల కోసమని సిటీకి, అదే పొలంలో లేచిన ఫామ్‌హౌస్‌కు కాపలా కాసే కుటుంబం పిల్లలతో ఊరికి. హైదరాబాద్ ఇటు పాకే కొద్దీ ఈ బడి ఊరి బడి నుంచి పనివాళ్ల బడి అవుతోంది. రిజిస్టర్‌లో పాత పేజీల్లో తండ్రి వృత్తి "వ్యవసాయం" వరుసగా కనిపిస్తుంది, ఇటీవలి పేజీల్లో "కూలి", "వాచ్‌మన్", "డ్రైవర్".

డిసెంబర్

కాగితం తయారైంది, ఒకటే పేజీ. పైన శాతం లేదు. మూడు వరుసలు: ఏడాది నిండా ఉన్నవాళ్లు, మధ్యలో వచ్చినవాళ్లు, వెళ్లిపోయినవాళ్లు, ఒక్కొక్కరు ఎక్కడ ఆగారన్నది తలల లెక్కతో. "ఇది పోర్టల్ ఫార్మాట్ కాదు" అన్నారట చూసినవాళ్లు. కానీ పక్క బడి టీచర్ ఒకామె ఫొటో తీసుకుని వెళ్లింది, వాళ్ల బడిలో కూడా అదే ఎర్ర గడి. ఖాళీ షీటు పంపించమంది, పంపించా, పేర్ల కాలమ్ ఎవరికీ పంపొద్దని పైన పెద్ద అక్షరాలతో రాసి.

ఒక మార్పు బడిలోనే జరిగింది, నాకు అన్నింటికంటే అది నచ్చింది. కొత్త పిల్లవాడు చేరిన రోజే, వారం లోపల, ఎక్కడిదాకా చదువుతాడో ఇంటి భాష ఏదో రాసేస్తున్నారు. ఇంతకుముందు వాళ్లను జులై దాకా ఎవరూ కొలిచేవారు కాదు, అప్పుడు కొలిస్తే ఆ వెనకబాటంతా ఈ బడి ఖాతాలో పడేది. ఎక్కడి నుంచి మొదలయ్యాడో తెలిస్తేనే ఎంత నడిచాడో తెలుస్తుంది.

వత్తుల గుంపు ఏడుగురిలో నలుగురు ఇప్పుడు పేరా చదువుతున్నారు. ఇద్దరు పత్తికి వెళ్లి ఇంకా రాలేదు. "కర్ర" కుర్రాడు చదివే నలుగురిలో ఉన్నాడు, కాకపోతే ఇప్పుడు వత్తు లేని చోట కూడా వత్తు పెడుతున్నాడట, "మేక"ను "మేక్క" అంటున్నాడట.

సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ అందరినీ చదివించాలి, పాత పేరాలు బట్టీ వచ్చేశాయి కాబట్టి కొత్తవి కావాలి. రాసే పని నా నెత్తిన పడింది: వత్తులు లేనివి రెండు, ఉన్నవి రెండు, ఒకటో తరగతి పిల్లకు అర్థమయ్యే మాటలతో. మొదటిది మెట్రో రైలు మీద రాసి పంపితే వెనక్కి కొట్టింది. "ఇక్కడ మెట్రో ఎవరు ఎక్కిన్రురా, కోళ్ల ఫారం మీద రాయి. గుడ్ల ట్రే అని రాయకు, ట్రే అనే మాటలో వత్తు ఉంది, అది వత్తులు లేని పేరాలో పెట్టలేం." ఇప్పుడు ట్రే లేకుండా గుడ్లు ఎందులో పెట్టాలా అని చూస్తున్నా. అసలు గుడ్లలోనే వత్తు ఉంది.